ట్రాక్టరు టైరు సైజు మారుస్తున్నారా? రాసుకోకుండా సరిపోయే టైరును ఎంచుకోవడం ఎలా

బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల్లో కాలువకు నీళ్లు వదిలితే దమ్ము మొదలవుతుంది. కోతలయ్యాక అదే ట్రాక్టరు డొంకల మీద ధాన్యం లోడు లాగాలి. పాత ట్రాక్టరుకు వెనుక టైర్లు అరిగిపోయినప్పుడు, ఒక సైజు పెద్దవి వేయిస్తే బురదలో బాగా లాగుతుందని చాలామంది రైతులు అనుకుంటారు. సైజు మార్చడం తప్పు కాదు. అయితే కొలవకుండా మారిస్తే కొత్త టైరు మడ్‌గార్డుకో, కింది లింకుకో, దమ్ము చక్రానికో రాసుకుంటుంది. అలా రాసుకున్న చోట పక్కగోడ రబ్బరు పోయి లోపలి నూలు పొరలు బయటపడితే, పైన పళ్లు ఎంత కొత్తగా ఉన్నా ఆ టైరు పనికిరాదు. అందుకే డబ్బు కట్టే ముందే టేపు పట్టుకుని కొలవండి.

టైరు మీది అంకెలు

13.6-28 అని ఉంటే టైరు వెడల్పు సుమారు 13.6 అంగుళాలు, రిమ్ము వ్యాసం 28 అంగుళాలు అని అర్థం. పాత టైర్ల మీద 12.4/11-28, 13.6/12-28 అని రెండు అంకెలు కలిపి ఉంటాయి. గీత తర్వాత ఉన్నది అదే టైరుకు పాత పద్ధతిలో ఇచ్చిన సైజు. రేడియల్ టైరు మీద 340/85 ఆర్ 28 అని ఉంటే అది 13.6-28కి, 380/85 ఆర్ 28 అని ఉంటే 14.9-28కి సమానం.

మామూలు పళ్లున్న కొత్త టైర్ల కొలతలు సుమారుగా ఇలా ఉంటాయి:

- 12.4-28: వెడల్పు 315 మి.మీ., మొత్తం ఎత్తు 1260 మి.మీ.
- 13.6-28: వెడల్పు 345 మి.మీ., మొత్తం ఎత్తు 1310 మి.మీ.
- 14.9-28: వెడల్పు 378 మి.మీ., మొత్తం ఎత్తు 1365 మి.మీ.

కంపెనీని బట్టి ఈ కొలతల్లో కొద్ది తేడా ఉంటుంది. వరి బురద కోసం చేసే లోతు పళ్ల టైర్లు, అంటే ఆర్-2 రకం, అంకె అదే ఉన్నా ఆర్-1 రకం కంటే ఎత్తుగా ఉంటాయి. కాబట్టి అంకె ఒక్కటే చూసి కొనకండి. దుకాణంలో గాలి కొట్టి ఉన్న టైరు ఉంటే దాన్ని కొలవండి, లేదా కంపెనీ పట్టిక అడగండి.

ఖాళీ ఎంత తగ్గుతుంది?

13.6 తీసి 14.9 వేస్తే మొత్తం ఎత్తు 55 మి.మీ. పెరుగుతుంది. ఇందులో సగం, అంటే అంగుళం పైచిలుకు, మడ్‌గార్డు వైపు పెరుగుతుంది. వెడల్పు 33 మి.మీ. పెరుగుతుంది కాబట్టి లోపలి వైపు 16 మి.మీ., బయటి వైపు 16 మి.మీ. ఖాళీ తగ్గుతుంది. 12.4 నుంచి నేరుగా 14.9కి వెళితే పైన రెండంగుళాలు పోతాయి.

ట్రాక్టరును చదునైన చోట నిలిపి, మట్టి కడిగి, ఈ నాలుగు చోట్లా కొలవండి:

1. టైరు పైభాగానికీ మడ్‌గార్డుకూ మధ్య
2. టైరు లోపలి గోడకూ మడ్‌గార్డు బోల్టులకూ మధ్య
3. టైరుకూ కింది లింకులు, చెక్ చైన్లకూ మధ్య. గొర్రు లేదా రోటవేటరు తగిలించి, పైకెత్తి, అటూ ఇటూ ఊపి చూడాలి
4. ట్రక్కు తగిలించి పూర్తిగా మలుపు తిప్పినప్పుడు టైరుకూ ట్రక్కు ముందు మూలకూ మధ్య

అరిగిన టైరు కొత్త టైరు కంటే చిన్నదిగా ఉంటుంది. కాబట్టి పాత టైరుతో కొలిచిన ఖాళీలోంచి పళ్ల అరుగుదలను కూడా తీసేయండి. ఆ తర్వాత కూడా నాలుగు వేళ్లు పట్టేంత ఖాళీ పైన మిగలాలి. మన బంకమట్టి పళ్ల మధ్య అతుక్కుని మడ్‌గార్డు కింద గట్టిపడుతుంది. మెట్ట నేలల్లో సరిపోయే ఖాళీ ఇక్కడ చాలదు.

రిమ్ము కూడా సరిపోవాలి

12.4 టైరుకు 11 అంగుళాలు, 13.6కు 12 అంగుళాలు, 14.9కు 13 అంగుళాల వెడల్పు రిమ్ము తగినది. ఒక అంగుళం తక్కువైనా సాధారణంగా నడుస్తుంది. అంతకంటే సన్నని రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే మధ్య భాగం ఉబ్బి, నడిమి పళ్లే త్వరగా అరుగుతాయి. నాగాయలంక, కోడూరు వైపు ఉప్పు నేలల్లో తిరిగే ట్రాక్టర్ల రిమ్ములకు తుప్పు త్వరగా పడుతుంది. టైరు విప్పినప్పుడే రిమ్ము అంచులను, వాల్వు రంధ్రాన్ని గీకి చూసుకోండి.

దమ్ము చక్రాల సంగతి

టైరు పక్కన బిగించే సగం దమ్ము చక్రాన్ని మీ పాత టైరు ఎత్తుకు తగ్గట్టు చేసి ఉంటారు. పెద్ద టైరు వేస్తే ఆ చక్రం అంగుళం పైకి లేస్తుంది, బురదలో పట్టు తగ్గుతుంది. టైరు బయటి గోడ చక్రం కడ్డీలకు రాసుకుంటుంది కూడా. బురదలో లాగడమే మీ అవసరమైతే, ఉన్న సైజులోనే మంచి పళ్ల టైర్లు, వాటికి సరిపడే దమ్ము చక్రాలు చాలావరకు సరిపోతాయి.

టైరు ఎత్తు పెరిగితే అదే గేరులో వేగం పెరిగి, లాగే బలం తగ్గుతుంది. 13.6 నుంచి 14.9కి మారితే ఈ తేడా సుమారు 4 శాతం. పాత 35 హెచ్‌పీ ఇంజనుకు నిండు లోడు మీద ఇది తెలుస్తుంది.

ముందు టైర్లు

6.00-16 తీసి 6.50-16 లేదా 7.50-16 వేసే ముందు ఒక పరీక్ష చేయండి. ఒక ముందు చక్రం కింద ఆరంగుళాల చెక్క దిమ్మె పెట్టి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పండి. తర్వాత రెండో చక్రం కింద పెట్టి మళ్లీ చూడండి. గట్టు దాటేటప్పుడు, బోదెలో దిగేటప్పుడు ముందు ఇరుసు ఇలాగే వాలుతుంది. చదునులో తగలనిది అక్కడ తగలవచ్చు.

ఫోర్ వీల్ డ్రైవ్ ట్రాక్టరుకు వెనుక సైజు ఒక్కటే మార్చకూడదు. ముందు, వెనుక చక్రాల వేగాల లెక్క తప్పి ముందు గేర్ల మీద భారం పడుతుంది. ట్రాక్టరు కంపెనీ చెప్పిన జతనే వేయండి.

ఖాళీ చాలకపోతే

వెనుక చక్రం డిస్కును తిప్పి బిగిస్తే చక్రం బయటికి జరుగుతుంది. దీనివల్ల లోపలి ఖాళీ పెరుగుతుందే గాని, పైన మడ్‌గార్డు దగ్గర పెరగదు. రెండు వైపులా సమానంగా జరపాలి. టైరు మీది బాణం ముందుకు తిరిగే దిశనే చూపాలి. నట్లను కొన్ని గంటలు నడిపాక మళ్లీ బిగించాలి. మడ్‌గార్డును కోయించడం, బోల్టు కింద వాషర్లు పేర్చి చక్రాన్ని జరపడం ప్రమాదం. అలా చేయించకండి.

కొనే ముందు గుర్తుంచుకోండి

- కంపెనీ పుస్తకంలో ఉన్న సైజులు దాటి వెళ్లకండి.
- వెనుక టైర్లు రెండూ ఒకే సైజు, ఒకే రకం ఉండాలి. ఒకటి కొత్తది, ఒకటి బాగా అరిగింది వేయకండి.
- గాలి పుస్తకంలో చెప్పినంతే ఉంచండి. బాగా తగ్గిస్తే పక్కగోడ ఉబ్బి రాసుకుంటుంది, టైరు రిమ్ము మీద జారి ట్యూబు వాల్వు తెగుతుంది.
- బిగించాక ఒక పూట దమ్ము చేసి, కడిగి చూడండి. పక్కగోడ మీద మెరిసే గీత కనిపిస్తే ఎక్కడో రాసుకుంటోందని అర్థం. అది ఎక్కడో తెలుసుకుని సరిచేశాకే పని కొనసాగించండి.