చెరువు కింది పల్లె

తెలంగాణలో పాత పల్లెలు చాలావరకు చెరువును చూసుకొని వెలిసినవే. ఎగువన చెరువు, కట్ట కింద వరి మడులు, మడులకు పక్కగా కాస్త మెరక మీద ఇళ్లు, ఇళ్లకు అవతల వాననే నమ్ముకున్న చెల్కలు, ఆ పైన గుట్ట, బంజరు, పశువుల మేత భూమి. నడి ఊళ్లో బొడ్రాయి, ఊరి పొలిమేరలో పోచమ్మ, కట్ట మీద కట్టమైసమ్మ. యాభై అరవై గడపల మజరా (శివారు) పల్లె అయినా, పెద్ద మౌజా (రెవెన్యూ గ్రామం) అయినా ఈ అమరిక పెద్దగా మారదు.

ఇందుకు కారణం నేల స్వభావంలో ఉంది. దక్కన్ పీఠభూమిలో చాలా చోట్ల అడుగున నల్లసేనపు రాయి, పైన పలుచని ఎర్రమట్టి. ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. ఆ నీటిని అక్కడికక్కడ ఆపకపోతే వాగుల వెంట కృష్ణకో గోదావరికో పోతుంది. అయితే ఇదే నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి రెండు మెరకల నడుమ మట్టికట్ట పోస్తే నీళ్లు నిలుస్తాయి. పై చెరువు నిండి మత్తడి (అలుగు) దుంకితే ఆ నీరు కింది చెరువులో చేరుతుంది. ఒకే వాగు మీద ఇలా వరుసగా సాగే గొలుసుకట్టు చెరువులు పక్కపక్క ఊళ్లను ఒకదానితో ఒకటి ముడివేశాయి.

కట్టిన కాలం

చెరువులు కాకతీయులకు ముందూ ఉన్నాయి. వాటిని రాజ్యమంతటా విస్తరించిన ఖ్యాతి మాత్రం కాకతీయులది. పాకాల, లక్నవరం, రామప్ప, ఘనపురం చెరువులు వారి కాలం నాటివి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో కట్టించిన రామప్ప గుడి పక్కనే రామప్ప చెరువూ ఉంది. గుడి, చెరువు, దాని కింద సాగు, సాగును ఆసరా చేసుకొని ఊరు: సామంతులు కొత్త ప్రాంతాల్లో నిలదొక్కుకున్న తీరు ఇది. చెరువు కట్టించినవారికీ, దాన్ని బాగుచేస్తూ వచ్చినవారికీ దాని కింది భూమిలోనో ఫలంలోనో పదో వంతు దక్కే దశబంధం ఏర్పాటు పాలకులు మారినా శతాబ్దాల పాటు నిలిచింది.

చెరువులు కట్టే విద్య ఎంత పక్వానికి వచ్చిందో చెప్పే సాక్ష్యం కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం. విజయనగర రాజవంశీకుడు భాస్కరుడు 1369లో వేయించిన ఈ శాసనం మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు చెబుతుంది. నీటి శాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, దగ్గరలో రాతి గని, లోతూ వెడల్పూ ఉన్న గర్భం, దిగువన సారవంతమైన చదునైన భూమి, పనితనం గల కూలీలు అంగాల్లో కొన్ని. కట్ట ఊట కారడం, చౌడు నేల, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం, చెరువు నడుమ మెరక, నీరు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీరు ఎక్కువై భూమి తక్కువ కావడం దోషాలు. రోజుకు వెయ్యి మంది మనుషులు, వంద బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని శాసనం లెక్క.

తూము కాడ నీరటి

చెరువు కట్టడం ఒక ఎత్తు, ఏటా దాని నీటిని పంచడం మరో ఎత్తు. ఆ పని నీరటిది. చాలా ఊళ్లలో ఇది మాల కుటుంబాలకు, కొన్నిచోట్ల ఇతర కులాలకు తరతరాలుగా వచ్చిన వృత్తి. పాత తూము అంటే కట్ట లోపలివైపు నీళ్లలో నిలువుగా పాతిన రెండు రాతి స్తంభాలు, వాటి మధ్య అడ్డంగా రంధ్రం ఉన్న రాతి పలకలు, ఆ రంధ్రాల గుండా దించిన పొడవాటి కర్ర, కర్ర కొనకు బిరడా. నీరటి నీళ్లలోకి దిగి బిరడా ఎంత లేపితే కట్ట అడుగు కాలువలోకి అంత నీరు.

అక్కడి నుంచి మడి మడికీ నీరు కట్టేదీ అతడే. రైతు తన మడికి తానే గండి కొట్టుకోకూడదన్నది కట్టుబాటు. పార భుజాన వేసుకొని నీరటి కాలువ వెంట నడిచేవాడు. పై మడి తడవగానే గండి పూడ్చి కింది మడికి తెరిచేవాడు. కాలువ మొదట ఉన్న ఆసామి ఎంత పెద్దవాడైనా చివరి మడి ఎండకుండా చూడటం అతడి బాధ్యత. వానాకాలం రాత్రుళ్లు కట్ట మీద తిరిగి ఎండ్రకాయలు, ఎలుకలు తవ్విన బొరియలు వెతకడం, ఊట కనిపిస్తే ఊరిని లేపడం కూడా అతడి పనే.

చెరువు సగమే నిండిన ఏడు పెద్దలు కూర్చొని ఎంత భూమి నాటాలో తేల్చేవారు. యాసంగి పంటకు ఉన్న నీటిని బట్టి విస్తీర్ణం నిర్ణయించడాన్ని తైబందీ అనేవారు. ఒక్కోసారి ఆయకట్టులో ఒక భాగమే నాటి, అందులోనే అందరికీ వాటా ఇచ్చేవారు. నీరు అందరిదీ కాబట్టి నష్టమూ అందరూ పంచుకోవాలన్నది ఆ లెక్క.

కార్తెల వెంట పని

మృగశిర కార్తెకు చెల్కల్లో దుక్కి మొదలవుతుంది. జ్యేష్ఠ పున్నమి నాటి ఏరువాకకు ఎడ్లను కడిగి, కొమ్ములకు రంగు పూసి నాగలికి పూజ చేస్తారు. చెల్కలో జొన్న, సజ్జ, కంది, పెసర, ఆముదం కలిపి విత్తేవారు. ఒకటి పోయినా ఒకటి దక్కాలన్నది రైతు జాగ్రత్త. చెరువులోకి నీరు చేరాక మడుల్లో నారు, ఆ తరువాత నాట్లు. నాటు వేసేది, కలుపు తీసేది ఆడవాళ్లు. చిన్న రైతులు ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్లేవారు. భూమి లేనివారు కైకిలికి వెళ్లేవారు. అప్పు తీరేదాకా జీతం ఉన్నవారు ఏళ్ల తరబడి ఒకే ఇంట్లో పనిచేసేవారు.

కట్ట కింద వరి పండినా పల్లెలో ఎక్కువ మంది తిన్నది జొన్న గట్క, జొన్న రొట్టె, సజ్జ రొట్టె. వడ్లు అమ్మి శిస్తు కట్టాలి, అప్పు తీర్చాలి. వరన్నం పండుగ నాటి తిండి. దసరా ముందు నిండిన చెరువు ఊరందరి వేడుకకు వేదిక. తంగేడు, గునుగు పూల బతుకమ్మలను ఆ నీళ్లలోనే వదులుతారు. ఎండాకాలం చెరువు అడుగు బయటపడితే బండ్లతో ఒండ్రుమట్టి తోలి చెల్కల్లో పోసేవారు. దానితో చేనుకు సత్తువ, చెరువుకు పూడికతీత. బెస్తలు, ముదిరాజులు చేపలు పట్టేవారు, కుమ్మరి మట్టి తీసుకునేవాడు, చాకలి రేవు అక్కడే.

కల్లం కాడ లెక్క

కోత అయ్యాక కల్లంలో వడ్ల రాశి పోస్తే పంపకం మొదలయ్యేది. నాగలి చేసిన వడ్రంగికి, కర్రు సాగగొట్టిన కమ్మరికి, మోట బొక్కెన కుట్టిన మాదిగకు, చాకలికి, మంగలికి, కుమ్మరికి, నీరటికి ఏడాది పనికి ఇంత అని గింజలు కొలిచేవారు. వీరిని ఆయగాళ్లు అనేవారు. ఈ పద్ధతిలో డబ్బు పెద్దగా చేతులు మారేది కాదు. పంట పండితే అందరికీ పండినట్టే, ఎండితే అందరికీ కరువే. అయితే ఎవరి వృత్తి ఏదో, ఎవరి ఇల్లు ఎక్కడో పుట్టుకే నిర్ణయించేది. ఆయకట్టుకు నీరు పారించిన మాల నీరటి వాడ ఊరి బయటే ఉండేది. ఊరి బావిలో చేద వేసే హక్కు అతడికి ఉండేది కాదు.

నిజాం కాలంలో ఈ కట్టుబాటు మీద ఇంకో బరువు పడింది. మొదటి సాలార్‌జంగ్ 1860లలో శిస్తు వసూలు గుత్తాలను తొలగించి జిల్లాలు ఏర్పరచాక ఊరి లెక్క మాలీ పటేలు, పోలీసు పటేలు, పట్వారీల చేతికి వచ్చింది. 1317 ఫస్లీ, అంటే 1907 నాటి భూమి శిస్తు చట్టం ఆ యంత్రాంగానికి ఆధారం. నీరు పారే తరి భూమికి శిస్తు ఎక్కువ, వాన మీద ఆధారపడే ఖుష్కీకి తక్కువ. భూమి లెక్కల పహాణీలో ఎవరి పేరు రాయాలో పట్వారీ కలానికి తెలుసు. దొరల గడులకు చాకలి, కుమ్మరి, మాదిగ, గొల్ల, నీరటి కూలి లేకుండా చేయాల్సిన వెట్టి దీనికి తోడైంది. 1923లో నిజాం ఫర్మానా వెట్టిని నిషేధించినా గడుల్లో అది ఆగలేదు. 1946 జూలై 4న కడవెండి గ్రామంలో రైతుల పక్షాన నిలిచిన దొడ్డి కొమురయ్య దొర మనుషుల తుపాకీ గుండుకు నేలకొరగడంతో రైతుల ప్రతిఘటన సాయుధ పోరాటంగా మారింది. నిజాం పాలన ముగిశాక 1949లో జాగీర్లు రద్దయ్యాయి, 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారులకు హక్కు ఇచ్చింది.

మోటారు వచ్చాక

చెరువు అందని చోట నీరు తోడింది మోటబావి. జత ఎడ్లు వాలు దారిలో దిగుతుంటే తోలు బొక్కెన పైకి వచ్చి కాలువలో ఒలికేది. కరెంటు మోటారు, ఆ తరువాత బోరు బావి ఈ శ్రమను తప్పించాయి. వాటితోపాటు నీరు ఎవరి పొలంలో వారిదైంది. బోరు ఉన్న రైతుకు తూము తెరిచే రోజు కోసం చూడాల్సిన పని లేదు, కట్ట మీద మట్టి పోయాల్సిన అవసరమూ కనిపించలేదు. 1984లో పటేల్, పట్వారీ వ్యవస్థ రద్దవడంతో దొరతనానికి ఒక ఊతం పోయింది, కానీ చెరువు బాగోగులు అడిగే ఊరి పెత్తనమూ దానితోనే పోయింది. కాలువలు పూడాయి, చెరువు నీరు నిలిచే శిఖం భూములు ఆక్రమణల పాలయ్యాయి. 1997 చట్టంతో వచ్చిన నీటి సంఘాలు ఆ ఖాళీని పూర్తిగా నింపలేకపోయాయి. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక బోర్లు మరింత పెరిగాయి, భూగర్భజలం మరింత లోతుకు దిగింది.

పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ 1975 నుంచి అప్పటి పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో అవురుపల్లి, డోకూరు గ్రామాల కుటుంబాలను ఏళ్ల తరబడి అధ్యయనం చేసింది. చెరువు కింద వరి పండించిన డోకూరులో కరువేళ్లలో చెరువు ఎండటం, కుటుంబాలు పని కోసం బయటి ఊళ్లకు వలస పోవడం ఆ రికార్డుల్లో నమోదైంది. పల్లెలో నీటి కట్టుబాటు సడలితే దెబ్బ మొదట తగిలేది బోరు వేయించుకోలేని చిన్న రైతుకు, కైకిలి మీద బతికేవారికి.

తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చిలో అప్పటి నిజామాబాద్ జిల్లా సదాశివనగర్‌లో మిషన్ కాకతీయ ప్రారంభించి, రాష్ట్రంలోని 46 వేలకు పైగా చెరువుల పునరుద్ధరణకు పూనుకుంది. పూడిక మట్టి మళ్లీ పొలాలకు చేరింది, ఈసారి ట్రాక్టర్లలో. 2018 పంచాయతీరాజ్ చట్టం తండాలు, గూడేలకు సొంత పంచాయతీలు ఇవ్వడంతో ఎన్నో మజరా పల్లెలకు తమ సర్పంచిని ఎన్నుకునే హక్కు వచ్చింది. నీరటి, తలారి వంటి పాత వృత్తుల వారసులు గ్రామ రెవెన్యూ సహాయకులుగా కొనసాగుతూ వచ్చారు. 2023లో ప్రభుత్వం వారిని వివిధ శాఖల్లోకి తీసుకుంది. కొందరు నీటిపారుదల శాఖలో లష్కర్లుగా చేరారు. కల్లం కాడ గింజల కోసం ఎదురుచూడాల్సిన అవసరం లేకుండా, నెల జీతంతో కాలువల మీద పనిచేసే ఉద్యోగం అది.