తపసి చెట్టు చెప్పే మన చరిత్ర



మన చరిత్ర అనగానే పితూరీలు, పోరాటాలు, అమరవీరుల విగ్రహాలు గుర్తుకొస్తాయి. ఏటా ఆగస్టు 9న వాళ్లకు దండలు వేస్తాం, ర్యాలీ తీస్తాం, థింసా ఆడతాం. ఇవన్నీ చేయవలసినవే. అయితే ఆ పోరాటాల్లో చాలావాటి వెనుక ఒక చెట్టో, చెట్టు ఇచ్చే ఫలసాయమో ఉందన్న సంగతి మనం అంతగా చెప్పుకోం. ఈ వ్యాసంలో ఒక్క చెట్టును పట్టుకుని ఆ కథ చెప్తాను. అది తపసి చెట్టు. కొన్నిచోట్ల తబసి అంటారు, మరికొన్నిచోట్ల కవిలి అంటారు. జీసీసీ డిపోలో దాని జిగురు పేరు గమ్ కరాయా.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. చెట్టు మీద హక్కు, చెట్టు గురించిన విద్య, ఈ రెండూ మన చేతిలో ఉన్నచోట చెట్టు బతికింది. రెండింటిలో ఏది తప్పినా చెట్టు పోయింది, దాని వెంట మన కూడూ పోయింది.

ఎండు కొండల మీద తెల్లని చెట్టు

తపసి మంచి నేల కోరదు. వేరే చెట్టు నిలవని రాతి కొండవాలు మీద, బండల సందున వేరు దించుకుని నిలబడుతుంది. చలికాలానికి ఆకంతా రాల్చేస్తుంది. అప్పుడు దాని తెల్లటి మాను దూరం నుంచే మెరుస్తుంది. బెరడు పైపొర కాగితంలా పొరలు పొరలుగా ఊడుతుంది. ఆకులేని కొమ్మలకే పూత వస్తుంది. ఎండలు ముదిరే వేళకు చుక్క ఆకారంలో, అయిదు భాగాలుగా ఎర్రటి కాయలు కాస్తాయి. వాటి మీద నూగు ఉంటుంది. ముట్టుకుంటే చేతులు దురద పెడతాయి. లోపలి గింజలను వేయించుకుని తింటారు.

మానుకు గాయమైతే జిగురు ఊరుతుంది. ఈ జిగురు నీళ్లలో తేలిగ్గా కరగదు, నీటిని పీల్చుకుని అనేక రెట్లు ఉబ్బుతుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కాస్త పుల్లటి వాసన వస్తుంది. ఈ ఉబ్బే గుణం వల్లే దీనికి ప్రపంచ మార్కెట్ ఉంది. 20వ శతాబ్దం మొదట్లో పర్షియా వైపు నుంచి వచ్చే ట్రాగకాంత్ అనే ఖరీదైన జిగురుకు బదులుగా పడమటి దేశాలు దీన్ని కొనడం మొదలుపెట్టాయి. విరేచనం సాఫీగా అయ్యే మందుల్లో, కట్టుడు పళ్లు అతికించే పొడిలో, ఐస్‌క్రీమ్ తయారీలో, బట్టల అద్దకంలో దీన్ని వాడతారు. మన రంపచోడవరం కొండల్లో కొండరెడ్లు, నల్లమలలో చెంచులు గీసిన జిగురు ఓడలెక్కి అమెరికా దాకా వెళ్లింది. ఆ సంగతి గీసినవాళ్లకు మాత్రం చాలాకాలం తెలియదు.

కొత్తలు: రాయని చట్టం

మొక్కల సంరక్షణ మనకు కొత్త మాట కాదు. మన పండుగలే దానికి సాక్ష్యం. మామిడి కొత్త జరిగేదాకా ఊళ్లో ఎవరూ మామిడికాయ తినకూడదు. చిక్కుడు కొత్త కాకుండా చిక్కుడు కోయకూడదు. కొర్ర, సామ కూడా అంతే. ముందు దేవతకు, పెద్దలకు పెట్టి, ఆ తర్వాతే మనం ముట్టుకోవాలి. బయటివాళ్లు చూసి దీన్ని మూఢనమ్మకం అన్నారు. ఉపాధ్యాయ శిక్షణలో నేను చదువుకున్న జీవశాస్త్రం ప్రకారం చూస్తే, ఇది కాయ ముదిరి గింజ పట్టేదాకా ఆగే నియమం. లేత కాయ కోసేస్తే విత్తనం ఉండదు. విత్తనం లేకపోతే రేపటి చెట్టు ఉండదు. పైగా ఒకే రోజున అందరికీ అనుమతి రావడం వల్ల బలవంతుడు ముందే కోసుకునే వీలుండదు.

దేవత కొలువున్న తోపులో కొమ్మ విరవకూడదన్న కట్టుబాటు కూడా ఇలాంటిదే. ఆ తోపు ఊరికి విత్తనాల కొట్టు. చుట్టూ పోడు కొట్టినా, తోపు నుంచి పిట్టలు, గాలి మళ్లీ గింజను తెచ్చి పోశాయి. ఈ కట్టుబాట్లకు కాగితం లేదు, ముద్ర లేదు. కానీ ఊరంతా ఒప్పుకున్న హక్కూ, ఊరంతటికీ తెలిసిన విద్యా వాటిలో ఉన్నాయి.

చెట్టు మీద పన్ను, అడవికి సరిహద్దు

1879లో రంప పితూరీ ఎందుకు వచ్చింది? మన్యంలో జీలుగు, తాటి చెట్ల కల్లు గీసుకోవడం ఇంటింటి అలవాటు. దాని మీద మున్సబుదారు చిగురుపన్ను వేశాడు. ఆపైన బ్రిటిష్ ప్రభుత్వం కల్లును అబ్కారీ కాంట్రాక్టర్లకు అప్పగించింది. సొంత చెట్టు కల్లు తాగాలన్నా పరాయివాడికి డబ్బు కట్టాల్సి వచ్చింది. రేకపల్లి వైపు పోడు మీద పన్ను పెంచారు. ఈ మంటలన్నీ కలిసి పితూరీ అయ్యాయి. కారం తమ్మన్నదొర వంటి నాయకులు అందులో నిలబడ్డారు. ఒక చెట్టు మీద హక్కు కోసం మన పెద్దలు ప్రాణాలిచ్చారంటే అతిశయోక్తి కాదు.

పితూరీ అణచివేసిన రెండేళ్లకు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. అడవికి రిజర్వు హద్దులు పడ్డాయి. పోడు, మేత, కట్టెపుల్ల, అన్నిటికీ ఆంక్షలే. 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట గాం సోదరులు, మన్యం ప్రజలు నడిచారంటే, వెట్టిచాకిరీతో పాటు ఈ అటవీ ఆంక్షలు కూడా కారణమే. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీమ్ ప్రాణమిచ్చిందీ అడవి మీద, నేల మీద హక్కు కోసమే.

ఈ చట్టాల వల్ల కనబడని నష్టం మరొకటి జరిగింది. అడవి సర్కారుదైపోయాక ఊరి కట్టుబాటుకు విలువ తగ్గింది. ‘మనది’ అనుకున్నప్పుడు కాపాడినవాడు, ‘ఎవరిదో’ అనుకున్నప్పుడు దొరికినంత తెచ్చుకున్నాడు.

గొడ్డలి కాలం

తపసి చెట్టు దెబ్బతిన్నది ఈ పరిస్థితిలోనే. సంతలో సావుకారు తూకం లెక్కన జిగురు కొన్నాడు. అప్పు అతని దగ్గరే, ఉప్పూ అతని దగ్గరే. అప్పు త్వరగా తీరాలంటే జిగురు త్వరగా రావాలి. అందుకని గొడ్డలితో మాను లోతుగా నరికారు. బెరడు దాటి లోపలి కర్ర దాకా గాయం పడింది. లేత చెట్లనూ వదల్లేదు. ఒకే చెట్టుకు చుట్టూ గాట్లు పెట్టారు. జిగురు కారి మట్టిలో పడి, ఇసుక, బెరడు ముక్కలు అంటుకుని నల్లబడింది. నల్ల జిగురుకు ధర తక్కువ. ధర తక్కువైందని మరో గాటు పెట్టారు. గాయాల్లోకి పురుగు, బూజు చేరి చెట్లు నిలువునా ఎండిపోయాయి.

ఆదివాసీ ఎప్పుడూ అడవిని కాపాడాడని వేదికల మీద చెప్పుకుంటాం. చరిత్ర చదివేటప్పుడు మరికొంచెం నిజాయితీ కావాలి. ఆ గొడ్డలి మనవాళ్ల చేతిలోనే ఉంది. ఆ చేతిని కదిలించింది అప్పు, తూకం, హక్కులేనితనం. రెండు మాటలూ కలిపి చెప్పుకుంటేనే పాఠం బోధపడుతుంది.

ఈ దోపిడీకి అడ్డుకట్టగా 1956లో విశాఖపట్నం కేంద్రంగా గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం జీసీసీ అనేది దాన్నే. చింతపండు, కరక్కాయ, కుంకుడు, నల్లజీడి, అడ్డాకు, కొండచీపుళ్లతో పాటు తపసి జిగురూ కొని, బదులుగా ఉప్పు, బియ్యం, బట్ట అమ్మే డిపోలు పెట్టింది. 1979లో షెడ్యూల్డు ప్రాంతాల్లో చిన్నతరహా అటవీ ఫలసాయాల వ్యాపారాన్ని నియంత్రించే చట్టం వచ్చింది. సావుకారు పట్టు కొంత సడలింది. కానీ కొనేవాడు మారినంత మాత్రాన గాటు మారదు. గాటు మారడానికి విద్య కావాలి.

జిగురు సేకరించేవాళ్ల సంఘాలు

ఆ విద్య 1990ల్లో ఊపందుకుంది. జీసీసీ, విశాఖపట్నంలోని కోవెల్ ఫౌండేషన్ జిగురు సేకరించే గిరిజనులకు శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాయి. ఊళ్లలో సేకరణదారుల బృందాలు ఏర్పడ్డాయి. దేశవాళీ మొక్కను కాపాడే సంఘం అంటే మొక్కలు నాటి ఫొటో దిగేది మాత్రమే కాదని ఈ బృందాలు చూపించాయి. వాళ్లు ముందుగా మార్చింది పనిముట్టును.

కొత్త పద్ధతి ఇది. ఛాతీ ఎత్తులో చుట్టుకొలత 90 సెంటీమీటర్లు దాటని చెట్టును ముట్టుకోకూడదు. గొడ్డలి బదులు పదునైన చిన్న పనిముట్టుతో బెరడు మీద మాత్రమే చిన్న గాటు పెట్టాలి. లోపలి కర్రకు దెబ్బ తగలకూడదు. కొన్ని రోజులకోసారి ఆ గాటు పై అంచును సన్నగా చెక్కితే మళ్లీ జిగురు ఊరుతుంది, కొత్త గాటు అక్కర్లేదు. జిగురు నేల మీద పడకుండా పట్టుకోవాలి. శుభ్రంగా ఆరబెట్టి, బెరడు ముక్కలు ఏరి, రంగును బట్టి వేరుచేయాలి. వానకాలంలో గీత ఆపాలి. గీసిన చెట్టుకు విశ్రాంతి ఇవ్వాలి. గాయం మానాకే మళ్లీ దాని దగ్గరికి వెళ్లాలి.

ఇందులో ఆడవాళ్ల పాత్ర పెద్దది. ఏరడం, శుభ్రం చేయడం, గ్రేడు చేయడం చాలాచోట్ల వాళ్ల పనే. తెల్లని శుభ్రమైన జిగురుకు ఎక్కువ ధర పలకడంతో, తక్కువ గాట్లతోనే రాబడి పెరిగే దారి దొరికింది. చెట్టు బతకడం, ఇల్లు గడవడం ఒకదానికొకటి శత్రువులు కావని లెక్కల్లోనే తేలింది.

ఇదే కాలంలో వేరే ప్రయోగాలూ జరిగాయి. 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి. కొన్నిచోట్ల అడవి కోలుకుంది. కొన్నిచోట్ల మాత్రం పోడు భూముల్లో జామాయిల్ మొక్కలు నాటారు. కాఫీ తోటలకు నీడ కోసం సిల్వర్ ఓక్ వేశారు. జామాయిల్, సిల్వర్ ఓక్ రెండూ ఆస్ట్రేలియా చెట్లు. కాఫీ మనకు డబ్బు తెచ్చింది, కాదనను. కానీ సిల్వర్ ఓక్ కింద ఇప్ప పువ్వు దొరకదు, జామాయిల్ కింద దుంపలు ఊరవు. పచ్చగా ఉన్నదల్లా అడవి కాదు.

చట్టం ఇచ్చిన ఆసరా

1882లో పోయిన హక్కులో కొంత భాగం 2006 అటవీ హక్కుల చట్టంతో తిరిగి వచ్చింది. అంతకుముందే 1996 నాటి పెసా చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం మీద గ్రామసభకు యాజమాన్యం ఉండాలని చెప్పింది. 2006 చట్టంలోని 3వ సెక్షన్ ఆ ఫలసాయాన్ని సేకరించే, వాడుకునే, అమ్ముకునే హక్కును గుర్తించింది. 5వ సెక్షన్ అడవినీ జీవవైవిధ్యాన్నీ కాపాడే అధికారాన్ని గ్రామసభకు ఇచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి పంచాయతీలో కమిటీ ఉండాలి, ఊరి మొక్కల వివరాలతో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి.

ఇక్కడ యువత గమనించవలసిన విషయం ఒకటుంది. అటవీ హక్కుల చట్టం నియమాల ప్రకారం పెద్దలు చెప్పిన మాటను రాసి పెడితే అది సాక్ష్యంగా చెల్లుతుంది. ఏ కొండ మీద తాతలు జిగురు గీశారు, ఏ గెడ్డ పక్కన దుంపలు తవ్వారు అన్నది కథ మాత్రమే కాదు, సామూహిక హక్కుకు రుజువు. ఆ మాట చెప్పగల పెద్దలు ఏటేటా తగ్గిపోతున్నారు. రాయగల చేతులు మాత్రం మీవి.

మీ చేతిలో ఉన్న పని

మా హాస్టల్లో సెలవులకు వెళ్లే పిల్లలకు ఒక పని అప్పగిస్తాను. ఇంట్లో అవ్వనో తాతనో అడిగి పది చెట్ల పేర్లు, వాటి ఉపయోగం సొంత భాషలో రాసుకురావాలి. కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు, ఏదైనా సరే. ఒక్కో చెట్టుకు మూడు నాలుగు పేర్లు వస్తాయి. తపసి పేరు రాసుకొచ్చేవాళ్లు కొద్దిమందే ఉంటారు. చెట్టు పేరు మరిచిన తరం దాని గాటు నేర్చుకోదు. గాటు తెలియని చేతికి మళ్లీ గొడ్డలే దొరుకుతుంది.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈ చలికాలంలో సెలవులకు ఊరెళ్లినప్పుడు కొండవాలు వైపు చూడండి. ఆకు రాల్చిన తెల్లని మానులు అప్పుడే సులువుగా కనబడతాయి. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఎన్నిటికి గాయాలున్నాయి, చుట్టుపక్కల లేత మొక్కలున్నాయా లేదా రాసుకోండి. పెద్ద చెట్లుండి చిన్న మొక్కలు లేకపోతే ఆ కొండకు వృద్ధాప్యం వచ్చినట్టే. ఎండాకాలంలో అన్ని కాయలూ కోసేయకుండా కొన్ని వదలమని ఊళ్లో మాట్లాడండి. కొన్ని గింజలు సంచుల్లో వేసి తొలకరికి మొక్కలు సిద్ధం చేయండి. కొండకు నిప్పు పెట్టకుండా చూడండి. మీరు రాసుకున్న లెక్కను గ్రామసభలో చదివి, రిజిస్టరులో ఎక్కించమని అడగండి. తపసికి కూడా ఒక కొత్త పెట్టుకోవచ్చు. గింజ రాలేదాకా ఎవరూ కాయ ముట్టకూడదని ఊరంతా ఒప్పుకుంటే చాలు.

మన పెద్దలు చిగురుపన్ను కట్టబోమని లేచారు. వాళ్లు పోరాడి నిలబెట్టిన హక్కు ఇప్పుడు కొంత కాగితం మీద ఉంది. దానికి తోడు కావలసిన విద్య ఇంకా కొందరు ముసలివాళ్ల చేతుల్లో ఉంది. వాళ్లు కొండ ఎక్కగలిగినన్నాళ్లే అది నేర్చుకోవాలి.