అక్కచెల్లెళ్ల సంఘంలో ఎవరెవరు?

పోయిన గురువారం రెండో పీరియడ్ అయ్యాక ముగ్గురు అమ్మాయిలు స్టాఫ్ రూము గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఇద్దరు సెకండియర్, ఒకమ్మాయి ఫైనలియర్. ముగ్గురూ ఎస్సీ హాస్టల్ పిల్లలే.

"మేడమ్, మన గర్ల్స్ అందరం కలిసి ఒక గ్రూపు పెట్టుకుంటున్నం. మీరు మాకు గైడుగా ఉండాలె."

చాలా సంతోషమేసింది. లాంగ్ నోట్‌బుక్కులోంచి చింపిన కాగితం ఇచ్చారు. దాని మీద పదకొండు పేర్లు ఉన్నాయి. ఆ హాస్టల్లో ఎంతమంది ఉంటారో నాకు తెలుసు. "మిగతావాళ్ళు?" అన్నాను. ఫైనలియర్ అమ్మాయి కిందికి చూసి, "వాళ్ళు వేరే మేడమ్. మాతో కలవరు" అంది.

వేరే అంటే ఏమిటో నేను అడగలేదు, ఆ అమ్మాయీ చెప్పలేదు. చదువుతున్న మీకూ తెలుసు. శనివారం మాట్లాడదామని చెప్పి పంపేశాను.

ఈ వారం హాస్టళ్ల చరిత్ర మొదలుపెడతానని మాటిచ్చాను మిత్రులారా, అది వచ్చే వారానికి జరుపుతున్నాను. ఈ పిల్లలు చేయబోతున్న పనిని నూట పదేళ్ల కింద అమెరికాలో నల్లజాతి అమ్మాయిలు చేశారు. వాళ్ళు ఏం సాధించారో, ఎక్కడ తప్పు చేశారో రెండూ మనకు అవసరం. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదవండి.

ముందు మాట సంగతి చూద్దాం. మనకు సౌభ్రాతృత్వం అన్న మాట ఉంది. బాబాసాహెబ్ రాజ్యాంగ పీఠికలో పట్టుబట్టి పెట్టిన మాటకు తెలుగు అది. అందులో ఉన్నది భ్రాత, అంటే అన్నదమ్ముడు. అక్కచెల్లెళ్లకు అంత వాడుకలో ఉన్న మాట లేదు. స్త్రీవాదులు సోదరీత్వం అన్నారు, అది పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఇంగ్లీషులోనూ ఇదే తంతు. అమెరికా కాలేజీల్లో మగపిల్లల రహస్య సంఘాలను ఫ్రాటర్నిటీలు అనేవాళ్ళు. అమ్మాయిలు 1870ల్లో తమ సంఘాలు పెట్టుకున్నప్పుడు వాటినీ 'మహిళా ఫ్రాటర్నిటీ' అనే పిలిచారు. సిరక్యూజ్ యూనివర్సిటీలో 1874లో గామా ఫై బీటా పుట్టింది, ఆ తర్వాత అక్కడి లాటిన్ ప్రొఫెసర్ ఫ్రాంక్ స్మాలీ, సోరోర్ అంటే సోదరి కాబట్టి సోరోరిటీ అందామన్నాడు. అక్కచెల్లెళ్ల సంఘానికి పేరు పెట్టింది కూడా ఒక మగ మాస్టారే. సరే.

ఆ తొలి సంఘాల అమ్మాయిలకూ ఒక న్యాయమైన కారణం ఉంది. వందల మంది మగపిల్లల మధ్య గుప్పెడు మంది ఆడపిల్లలు. వాళ్లకు ఒక గది, ఒక తోడు, ఒక ధైర్యం కావాలి. కానీ రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ గదికి తలుపు వచ్చింది, తలుపుకి గొళ్ళెం వచ్చింది. కొత్తమ్మాయిని చేర్చుకోవాలంటే రహస్య ఓటు. ఒక్క నల్ల గోళీ పడినా ఆ అమ్మాయి బయటే. పాత సభ్యురాలి కూతురైతే వేరే లెక్క. ఊళ్ళోని పాత సభ్యురాళ్ళ సిఫారసు ఉత్తరాలు కావాలి. చాలా సంఘాల నిబంధనల్లో తెల్లవాళ్లే, క్రైస్తవులే అని రాసి కూడా ఉండేది. న్యూయార్క్‌లో బార్నార్డ్ కాలేజీలో యూదు అమ్మాయిలను ఎవరూ చేర్చుకోకపోతే, 1909లో వాళ్ళు ఏడుగురు కలిసి ఆల్ఫా ఎప్సిలాన్ ఫై అనే సంఘం పెట్టుకున్నారు. అదే బార్నార్డ్ తర్వాత కొద్ది ఏళ్లకే ఈ సంఘాలతో విసిగిపోయి అన్నిటినీ మూసేసింది.

ఆ బార్నార్డ్‌కి వీధి అవతల కొలంబియా యూనివర్సిటీ. 1913 జులైలో అక్కడికి చదువుకోడానికి మన బాబాసాహెబ్ వచ్చారు. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో కులాల మీద తన వ్యాసం చదివారు. కులం అంటే తలుపు మూసుకున్న వర్గం అన్నారు. కులానికి ప్రాణం సొంత కులంలోనే పెళ్లి అన్నారు. ఆడపిల్లను కట్టడి చేయకుండా ఆ తలుపు మూయడం కుదరదని, సతికి, బాల్యవివాహానికి, విధవరాలిని పెళ్లి చేసుకోనివ్వకపోవడానికి మూలం అక్కడే ఉందని చూపించారు. అప్పటికి ఆయన వయసు పాతికేళ్లు.

ఇప్పుడు అక్కడి నుంచి 1965కి రండి. జాన్ ఫిన్లీ స్కాట్ అనే అమెరికన్ సమాజశాస్త్రవేత్త ఒక వ్యాసం అచ్చేశాడు. అమెరికా కాలేజీ సోరోరిటీ ఎందుకు ఉంది అన్నది ప్రశ్న. ఆయన జవాబు వింటే మనకు నవ్వొస్తుంది. కూతురు కాలేజీకి ఇల్లు వదిలి పోతుంది. అక్కడ అన్ని రకాల కుర్రాళ్ళు ఉంటారు. ఎవరినైనా ప్రేమించొచ్చు. తల్లిదండ్రులు అంత దూరం నుంచి కాపలా కాయలేరు. ఆ పని సోరోరిటీ చేస్తుంది. ఫలానా ఫ్రాటర్నిటీ కుర్రాళ్లతోనే పార్టీలు. కుర్రాడు తన సంఘం పిన్నును అమ్మాయికి తొడిగితే దానికొక వేడుక, పాటలు, అందరి ముందూ. నిశ్చితార్థానికి ముందు ఒక చిన్న నిశ్చితార్థం అన్నమాట. పై తరగతి అమ్మాయి తనకన్నా తక్కువవాడిని చేసుకోకూడదు, తగిన వరులేమో తక్కువ. ఈ చిక్కుకు స్కాట్ ఏం పేరు పెట్టాడో తెలుసా? 'బ్రాహ్మణ సమస్య'. మన దేశం నుంచి ఎగుమతైన వాటిలో ఇదొకటి.

1965 పాత మాట అనుకునేవాళ్ళ కోసం 2013 సంగతి కూడా చెప్తాను. అలబామా యూనివర్సిటీ. 1956లో ఆథరిన్ లూసీ అనే నల్లజాతి విద్యార్థిని అడుగుపెడితే తెల్ల గుంపులు దాడి చేశాయి, యూనివర్సిటీ ఆమెనే బయటికి పంపింది. 1963 జూన్ 11న వివియన్ మలోన్, జేమ్స్ హుడ్ వస్తే గవర్నర్ జార్జ్ వాలెస్ స్వయంగా వచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. ప్రభుత్వం బలగాలను పెట్టి ఆ గుమ్మం తెరిచింది. దాని తర్వాత సరిగ్గా యాభై ఏళ్లకు, 2013 సెప్టెంబరులో, అక్కడి విద్యార్థి పత్రిక క్రిమ్సన్ వైట్ ఒక కథనం వేసింది. మంచి మార్కులు, మంచి కుటుంబం, అన్నీ ఉన్న ఒక నల్లజాతి అమ్మాయిని తెల్ల సోరోరిటీలు ఒక్కటీ చేర్చుకోలేదు. చేర్చుకుందామని లోపలి అమ్మాయిలే కొందరు అన్నారు. అడ్డుకున్నది ఎప్పుడో చదువు ముగించి వెళ్ళిపోయిన పాత సభ్యురాళ్లు. విద్యార్థులు, అధ్యాపకులు ఊరేగింపు తీశాక, యూనివర్సిటీ అధ్యక్షురాలు జోక్యం చేసుకున్నాక గానీ తలుపులు తెరుచుకోలేదు. గవర్నర్ మూసిన గుమ్మాన్ని కోర్టు తెరిపించగలిగింది. పెద్దమ్మలు మూసిన గుమ్మానికి మరో యాభై ఏళ్లు పట్టింది. మన ఊళ్ళలో బడి తలుపు తెరుచుకున్నా ఇంటి గడప తెరుచుకోకపోవడం గుర్తు తెచ్చుకోండి.

ఇక అసలు కథ. వాషింగ్టన్‌లో హోవర్డ్ యూనివర్సిటీ. బానిసత్వం రద్దయ్యాక, 1867లో పెట్టిన విశ్వవిద్యాలయం. 1908 జనవరి 15న అక్కడ ఎథెల్ హెడ్జ్‌మన్ చొరవతో ఆల్ఫా కప్పా ఆల్ఫా మొదలైంది. నల్లజాతి విద్యార్థినుల మొట్టమొదటి సోరోరిటీ. ఈ అమ్మాయిల నానమ్మల తరం బానిసత్వంలో పుట్టింది. చదవడం నేర్పితే శిక్ష పడే రాష్ట్రాలు ఉన్న కాలం అది. అలాంటి ఇళ్ల మనవరాళ్ళు గ్రీకు అక్షరాలు తమ సంఘానికి పేరుగా పెట్టుకున్నారు. దీన్ని కొందరు తెల్లవాళ్ళ అనుకరణ అని ఎగతాళి చేస్తారు. నాకు అట్లా అనిపించదు. మన వాళ్ళు సంస్కృతం చదవకూడదన్న చోట సంస్కృతం ఎమ్మే చేసిన వాళ్ళని నేను చూశాను. ఆ కసి నాకు అర్థమవుతుంది.

నాలుగేళ్లకే లోపల తగువు వచ్చింది. పేరూ గుర్తులూ మార్చాలని, బయటి లోకంలో పని చేయాలని ఇరవై ఇద్దరు అమ్మాయిలు అన్నారు. నెల్లీ క్వాండర్ అనే పాత సభ్యురాలు ఒప్పుకోలేదు, ఉన్న సంఘాన్నే రిజిస్టర్ చేయించింది. ఇరవై ఇద్దరూ 1913 జనవరి 13న డెల్టా సిగ్మా థీటా అని వేరు కుంపటి పెట్టుకున్నారు. సంఘాలు చీలడం మన జబ్బు మాత్రమేనని బాధపడే మిత్రులకు ఇది కాస్త ఊరట.

చీలిన ఏడు వారాలకు, మార్చి 3న, వాషింగ్టన్ వీధుల్లో మహిళలకు ఓటు హక్కు కోసం మహా ప్రదర్శన. మరునాడు ఉడ్రో విల్సన్ ప్రమాణ స్వీకారం. నాయకురాలు ఆలిస్ పాల్. దక్షిణాది తెల్ల మహిళలు నొచ్చుకుంటారని నల్లజాతి మహిళలను చివర నడిపించాలన్నది నిర్వాహకుల ఆలోచన. హోవర్డ్ అమ్మాయిల తరఫున నెల్లీ క్వాండర్ ఆలిస్ పాల్‌కి ఉత్తరం రాసింది. మాకు గౌరవమైన చోటు ఇస్తారా, వివక్ష ఉండేటట్టయితే మేం రాం అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఐదు వారాల కింద సంఘం చీలిన మనిషి, అందరి కోసం రాసింది. డెల్టా అమ్మాయిలు తమ బ్యానర్ పట్టుకుని నడిచారు. వాళ్ళ వెంట మేరీ చర్చ్ టెరెల్ నడిచింది. ఐడా బి. వెల్స్‌ని వెనక్కి పొమ్మంటే ఆమె పక్కన జనంలో నిలబడి, ఇల్లినాయ్ బృందం రాగానే మధ్యలోకి దూరిపోయింది. దారి పొడుగునా మగ గుంపులు తోశాయి, తిట్టాయి. ఇరవై ఏళ్ల పిల్లలు, వాళ్ళ సంఘం మొదటి బహిరంగ కార్యక్రమం అది.

మన దగ్గర 'నీలిమేఘాలు' వచ్చిన పదేళ్లకు 'నల్లపొద్దు' ఎందుకు రావాల్సి వచ్చిందో అడిగే విద్యార్థులకు నేను ఈ ఊరేగింపు కథే చెప్తాను.

ఈ సంఘాల్లో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. తెల్ల సోరోరిటీ ఎక్కువగా కాలేజీ నాలుగేళ్ల ముచ్చట. వీళ్లది పట్టా తర్వాత కూడా నడుస్తుంది. చదువు ముగించిన వాళ్లకు ఊరూరా శాఖలు ఉంటాయి, జీవితాంతం పని ఉంటుంది. మిసిసిపీ సంగతి చూడండి. 1935 నుంచి 1942 దాకా ప్రతి వేసవిలో ఆల్ఫా కప్పా ఆల్ఫా అక్కడికి వైద్య బృందాన్ని పంపింది. నాయకురాలు డాక్టర్ డొరతీ ఫెరబీ. వాషింగ్టన్ నుంచి సొంత కార్లలో పోయారు. పత్తి తోటల యజమానులు కౌలు కూలీలను క్లినిక్కుకి రానివ్వలేదు. అయితే మేమే వస్తామని కార్లనే దవాఖానా చేసుకుని చేల దగ్గరికి వెళ్ళారు. వేలమంది పిల్లలకు మశూచి, డిఫ్తీరియా టీకాలు వేశారు. సెలవులకు ఎక్కడికైనా పోగలిగిన చదువుకున్న ఆడవాళ్ళు, సెలవులను మిసిసిపీ దుమ్ములో గడిపారు.

ఇక్కడితో ఆపేస్తే ఈ భాగానికి లైకులు బాగా వస్తాయి. కానీ ఆ పదకొండు పేర్ల కాగితం నా బ్యాగులో ఉంది కాబట్టి మిగతాది కూడా రాయాలి.

నల్లజాతి కాలేజీల్లో బ్రౌన్ పేపర్ సంచి పరీక్ష అని ఒక మాట ఉండేది. కిరాణా కొట్టు ఖాకీ కాగితపు సంచి కంటే ఒంటి రంగు ముదురుగా ఉంటే ఆ అమ్మాయి సోరోరిటీకి పనికిరాదు. జుట్టు రింగులు కూడా చూసేవాళ్ళు. నాన్న డాక్టరా, బార్బరా అని చూసేవాళ్ళు. హోవర్డ్‌లోనే పాఠం చెప్పిన ఇ. ఫ్రాంక్లిన్ ఫ్రేజియర్ 1957లో నల్ల మధ్యతరగతి మీద పుస్తకం రాసి ఈ సంఘాల డాబును దులిపేశాడు. స్పైక్ లీ 1988లో 'స్కూల్ డేజ్' సినిమా తీస్తే, ఇంటి గుట్టు బయట పెట్టాడని నల్లవాళ్లే కోప్పడ్డారు. 1920లో జీటా ఫై బీటాను ఐదుగురు అమ్మాయిలు మొదలుపెట్టింది కూడా ఈ డాబు వద్దనే. రచయిత్రి జోరా నీల్ హర్‌స్టన్ అందులోనే చేరింది. 1922లో ఇండియానాపొలిస్‌లో, కు క్లక్స్ క్లాన్ రాష్ట్రాన్నే శాసిస్తున్న రోజుల్లో, ఏడుగురు టీచరమ్మలు సిగ్మా గామా రో పెట్టారు. తెల్లవాళ్ళు మూసిన తలుపు బయట నిలబడ్డవాళ్ళే తమ తలుపు పెట్టుకున్నారు, దానికీ గొళ్ళెం పెట్టారు.

ఇప్పుడు నా సంగతి. నేను మాల ఇంటి పిల్లని, మా నాయన టీచరు. పీహెచ్‌డీ రోజుల్లో లేడీస్ హాస్టల్లో ఆరుగురం దళిత అమ్మాయిలం ఆదివారం సాయంత్రాలు కలిసి చదువుకునేవాళ్ళం. సవర్ణ అమ్మాయిల గదుల్లో మాకు లేని చనువు అక్కడ దొరికేది. ఆ రోజులు లేకపోతే నా థీసిస్ లేదు. రెండో ఏడు ఒక ఎమ్మే అమ్మాయి చేరింది. మాదిగ ఇంటి నుంచి వచ్చిన పిల్ల, ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషి. నాలుగు ఆదివారాలు వచ్చి మానేసింది. కారిడార్‌లో పట్టుకుని ఎందుకని అడిగాను.

"అక్కా, మీరు మాట్లాడేది సగం ఇంగ్లీషు. మా నాయిన డప్పు గురించి నేను చెప్తుంటె మీరందరు నోట్సు రాసుకున్నరు" అంది.

నేను సమాధానపడే మాటలేవో చెప్పాను. తప్పుగా అనుకోవద్దు అన్నాను. ఆ పిల్ల నవ్వి వెళ్ళిపోయింది. ఆ నోట్సులో కొంత నా థీసిస్ మూడో అధ్యాయంలో ఉంది. ఆ అమ్మాయి పేరు కృతజ్ఞతల్లో లేదు.

2024 ఆగస్టు 1న వర్గీకరణ మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక మా కాలేజీ హాస్టల్లో మాటలు ఇంకా బిగుసుకున్నాయి. ఒకే మెస్‌లో రెండు బల్లలయ్యాయి. అందుకే శనివారం మీటింగు స్టాఫ్ రూములో వద్దని, హాస్టల్ మెస్‌లో రాత్రి భోజనం వేళ పెట్టమని ఆ ముగ్గురికీ ఫోన్ చేసి చెప్పాను. మెస్‌లో అయితే అందరూ ఉంటారు, ఎవరినీ పిలవక్కర్లేదు. మొదటి రోజు నేను మాట్లాడేది కూడా పైన చెప్పిన నా కారిడార్ కథే.

అవతల కాసేపు చప్పుడు లేదు. తర్వాత ఫైనలియర్ అమ్మాయి, "మేం మాట్లాడుకొని చెప్తం మేడమ్" అని పెట్టేసింది. ఇవాళ శుక్రవారం. ఇంకా ఫోన్ రాలేదు.

జై భీమ్.

వచ్చే వారం: సంక్షేమ హాస్టళ్ల కథ, మొదటి భాగం.