ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు

ఓపెన్ టాప్ స్పోర్ట్స్ కారు అనగా స్థిరమైన కప్పు లేకుండా, సాధారణంగా ఇద్దరు మాత్రమే కూర్చొనుటకు వీలుగా, తక్కువ బరువుతో నిర్మించబడిన చిన్న కారు. దీనిని రోడ్‌స్టర్ అని కూడా అంటారు. ఎండకు, వానకు అడ్డుగా మడిచి పెట్టుకొనే గుడ్డ టాపు గానీ, ఊడదీసి దాచుకొనే గట్టి టాపు గానీ దీనికి ఉంటుంది. ఈ కార్లు ప్రధానంగా నడపడంలోని ఆనందం కొరకు తయారైనవి. అయినప్పటికీ ఐరోపా, అమెరికా, జపాన్ దేశాలలో కొందరు వీటిని ఉద్యోగానికి, బజారుకు వెళ్ళే నిత్య వాహనంగా కూడా వాడుతారు. అటువంటి వాడుకలోని సాధక బాధకాలు, కృష్ణా తీరాన విజయవాడ నగరంలో ఉన్న భవానీపురం పరిస్థితులను ఉదాహరణగా తీసుకొని, ఈ వ్యాసంలో వివరించబడినవి.

చరిత్ర

తొలినాటి మోటారు కార్లలో చాలా వాటికి కప్పు ఉండేది కాదు. ఇనుప రేకుతో మూసిన బాడీల తయారీ చౌక అయిన తరువాత కప్పు ఉన్న కార్లు సర్వసాధారణమయ్యాయి. కప్పులేని కారు క్రమంగా వేడుక వాహనంగా మారింది. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత బ్రిటన్‌లో ఎం.జి., ట్రయంఫ్, ఆస్టిన్-హీలీ వంటి పేర్లతో ఇటువంటి కార్లు విరివిగా తయారై, అమెరికాకు ఎగుమతి అయ్యాయి. 1962 నుండి 1980 వరకు తయారైన ఎం.జి.బి. కారు, కప్పు ఉన్న రకాన్ని కూడా కలుపుకొని, ఐదు లక్షలకు పైగా అమ్ముడయింది.

బరువు తగ్గించడమే సిద్ధాంతంగా పనిచేసిన ఇంజనీరు లోటస్ సంస్థ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్. 1957లో ఆ సంస్థ విడుదల చేసిన లోటస్ సెవెన్ బరువు సుమారు 500 కిలోలు మాత్రమే. 1973లో దీని తయారీ హక్కులు కేటర్‌హామ్ సంస్థకు లభించాయి. 1996లో అమ్మకానికి వచ్చిన లోటస్ ఎలీస్ ఈ పరంపరలోనిదే. దాని తొలి నమూనా బరువు సుమారు 725 కిలోలు, ఇంజను 1.8 లీటర్లు, శక్తి 118 హార్స్‌పవర్. ఎలీస్ తయారీ 2021లో ముగిసింది.

1989లో జపాన్‌కు చెందిన మాజ్డా సంస్థ ఎం.ఎక్స్-5 అనే కారును ప్రవేశపెట్టింది. పాత బ్రిటిష్ కార్లలోని సరదాను, తరచుగా చెడిపోని జపాన్ ఇంజనును ఇది ఒకచోట చేర్చింది. రోడ్‌స్టరును రోజూ వాడవచ్చునన్న నమ్మకం సామాన్య కొనుగోలుదారులలో బలపడుటకు ఈ కారు ముఖ్య కారణం. 2016 నాటికి పది లక్షల ఎం.ఎక్స్-5 కార్లు తయారయ్యాయి.

భారతదేశంలో

భారతదేశంలో 1990ల చివరలో శాన్ మోటార్స్ సంస్థ శాన్ స్టార్మ్ అనే రెండు సీట్ల కారును తయారుచేసింది. దీని బాడీ ఫైబర్ గ్లాసుతోను, ఇంజను రెనో సంస్థకు చెందిన 1149 సీసీ రకంతోను ఉండేది. ఈ కారు పెద్దగా ప్రచారంలోకి రాలేదు.

మన దేశంలో గాలి తగిలే బండి కావాలనుకున్నవారు ఎక్కువగా ఎంచుకున్నది జీపును. మహీంద్రా సంస్థ 1947లో విల్లీస్ జీపులతో మొదలుపెట్టింది. 1985లో మారుతి జిప్సీ, 2010లో మహీంద్రా థార్ గుడ్డ టాపుతో వచ్చాయి. ఇవి స్పోర్ట్స్ కార్లు కావు, ఎత్తైన బండ్లు. గతుకుల దారులకు, బురదకు ఇవి తగినవి కావడమే ఆదరణకు కారణం. 2025లో భారత మార్కెట్టులోకి వచ్చిన ఎం.జి. సైబర్‌స్టర్ ఓపెన్ టాప్ కారే అయినా, పెద్ద బ్యాటరీతో నడిచే విద్యుత్ వాహనం కనుక తేలికపాటి కారుగా లెక్కకు రాదు.

బరువు తక్కువ కావడం వలన లాభాలు

ఒక కారు చురుకుదనం ఇంజను శక్తి ఒక్కదానిపైనే కాక, శక్తికి, బరువుకు గల నిష్పత్తిపై ఆధారపడుతుంది. 725 కిలోల కారుకు 118 హార్స్‌పవర్ ఉంటే టన్నుకు సుమారు 163 హార్స్‌పవర్ అవుతుంది. 900 కిలోల బరువు, 80 హార్స్‌పవర్ గల సాధారణ చిన్న కారుకు ఇది సుమారు 89 మాత్రమే. తేలికైన కారుకు బ్రేకులపై, టైర్లపై పడే భారం కూడా తక్కువ. ఊరిలో ఆగుతూ సాగుతూ నడిపేటప్పుడు, ప్రతిసారీ కదిలించవలసిన బరువు తక్కువ కనుక ఇంధనం కూడా ఆదా అవుతుంది. కారు చిన్నది కనుక ఇరుకు సందులలో తిప్పుట సులభం.

నిర్మాణంలోని ఇబ్బందులు

మూత ఉన్న అట్టపెట్టెను మెలిపెట్టుట కష్టం. మూత తీసివేస్తే సులభంగా మెలితిరుగుతుంది. కారుకు కప్పు తీసివేసినా ఇదే జరుగుతుంది. దీనిని సరిచేయడానికి తలుపుల క్రింది దూలాలను లోతుగా, వెడల్పుగా కడతారు. ఎలీస్ వంటి కార్లలో ఈ దూలం దాటి క్రిందికి దిగి కూర్చోవలసి ఉంటుంది. చీర కట్టుకున్నవారికి, మోకాళ్ళ నొప్పులు గల పెద్దలకు రోజూ ఇది ప్రయాసే.

ఎలీస్ చట్రం అల్యూమినియం భాగాలను బలమైన జిగురుతో అతికించి చేసినది. ఇది తేలికగా, గట్టిగా ఉంటుంది. కానీ ఢీకొని వంగినపుడు ఇనుప చట్రం వలె వేడి చేసి, వెల్డింగు పెట్టి సరిచేయరాదు. ఆ వేడికి లోహం బలం, జిగురు పట్టు రెండూ దెబ్బతింటాయి. విజయవాడలోని జవహర్ ఆటోనగర్ లారీ బాడీలకు, ఇంజను పనులకు ప్రసిద్ధి. అయితే అక్కడి నేర్పు ప్రధానంగా ఇనుముపై సాధించినది. అటువంటి చట్రం దెబ్బతింటే తయారీదారుల నుండి కొత్తది తెప్పించవలసి రావచ్చును.

సామాను పెట్టుకొనే చోటు కూడా స్వల్పం. ప్రస్తుత ఎం.ఎక్స్-5లో డిక్కీ సుమారు 130 లీటర్లు. నెలసరి సరుకులకు రెండవ సీటును కూడా వాడుకోవలసి ఉంటుంది. ముగ్గురు ఉన్న కుటుంబానికి ఇది ఏకైక వాహనం కాజాలదు.

భవానీపురం పరిస్థితులు

భవానీపురం విజయవాడ పశ్చిమ భాగాన, కృష్ణానదికి, హైదరాబాదు వైపు వెళ్ళే జాతీయ రహదారికి చేరువగా ఉన్నది. పూర్వం 9వ నెంబరుగా ఉన్న ఈ రహదారి ఇప్పుడు 65వ నెంబరుది. నగరం నడిబొడ్డుకు వెళ్ళే వాహనాలు ఇంద్రకీలాద్రి కొండకు, నదికి మధ్య గల ఇరుకు దారి గుండా సాగాలి. 2020 అక్టోబరులో కనకదుర్గ ఫ్లైఓవర్ ప్రారంభమైన తరువాత ఇక్కడ రద్దీ కొంత తగ్గింది. దసరా నవరాత్రులలో వాహనాలను వేరే దారులకు మళ్ళిస్తారు.

ఎండ: ఇక్కడ మే నెలలో ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెంటీగ్రేడు దాటడం సాధారణం. ఉదయం ఎనిమిది గంటల తరువాత టాపు తీసి నడుపుట వడదెబ్బకు దారితీయవచ్చును. టాపు వేసి ఏ.సి. పెట్టుకున్నా, గుడ్డ టాపు వేడిని రేకు కప్పు, లోపలి మెత్త కలిసి ఆపినంతగా ఆపలేదు. టాపు తీసి హాయిగా తిరుగుటకు అనువైన కాలం నవంబరు నుండి ఫిబ్రవరి వరకు, మిగిలిన నెలలలో తెల్లవారుజామున మాత్రమే.

వాన: వర్షంలో అధిక భాగం జూన్ నుండి అక్టోబరు లోపల పడుతుంది. గుడ్డ టాపు అంచులలోని రబ్బరు పట్టీలు ఎండకు బిరుసెక్కి, వానకు కారుట మొదలవుతుంది. రబ్బరును ఏటా వేసవి ముగియగానే పరీక్షించుట మంచిది.

వరద: 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి అజిత్‌సింగ్ నగర్, భవానీపురం వైపు పలు కాలనీలు జలమయమయ్యాయి, ఎన్నో కార్లు నీట మునిగాయి. నేలకు దగ్గరగా ఉండే కారుకు ఈ ముప్పు మరింత ఎక్కువ. ఇంజను గాలి పీల్చే గొట్టం గుండా నీరు సిలిండర్లలోకి చేరితే, నీరు గాలి వలె అణగదు కనుక కనెక్టింగ్ రాడ్లు వంగిపోతాయి. మునిగిన కారును స్టార్టు చేయకుండా తోయించి తీసుకొనిపోవడమే సరైన పద్ధతి.

స్పీడు బ్రేకర్లు: భారత రోడ్ల కాంగ్రెసు ప్రమాణం ప్రకారం స్పీడు బ్రేకరు 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, 17 మీటర్ల వ్యాసార్థంతో ఉండాలి. ఎలీస్ చక్రాల మధ్య దూరం 2.3 మీటర్లు. నాలుగు చక్రాలూ ఆ వంపుపైనే ఉన్నపుడు మధ్యలో నేల పైకి లేచే ఎత్తును విద్యార్థులు ఇట్లు లెక్కించవచ్చును: 2.3 యొక్క వర్గమును 17కు ఎనిమిది రెట్లయిన 136తో భాగించగా సుమారు 0.039 మీటరు, అనగా 39 మిల్లీమీటర్లు. కారు అడుగుభాగం 130 మిల్లీమీటర్ల ఎత్తున ఉన్నా తగలదు. కానీ వీధులలో ఇష్టానుసారం కట్టిన అర మీటరు వెడల్పు, 15 సెంటీమీటర్ల ఎత్తు గల దిమ్మ పూర్తిగా చక్రాల మధ్య ఇమిడిపోతుంది. అప్పుడు 130 మిల్లీమీటర్ల ఎత్తు చాలదు, అడుగు గీసుకుపోతుంది. కనుక కష్టమంతా స్పీడు బ్రేకరు వలన కాదు, ప్రమాణం పాటించకపోవడం వలన.

భద్రత

నిత్య వాడుకలో అన్నిటికంటే ముఖ్యమైనది ప్రాణ రక్షణ. ఎలీస్ మొత్తం ఎత్తు 1.2 మీటర్ల లోపే. లారీ, బస్సు డ్రైవర్లకు తమ ప్రక్కనే ఉన్న ఇటువంటి కారు కనబడకపోవచ్చును.

725 కిలోల కారు, దానికి ఇరవై రెట్లు, అనగా 14,500 కిలోల బరువు గల లారీ గంటకు 40 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా ఢీకొని కలిసి కదిలినవనుకొందాము. ద్రవ్యవేగ నిత్యత్వ నియమం ప్రకారం లారీ వేగంలో మార్పు గంటకు సుమారు 4 కిలోమీటర్లు. కారు వేగంలో మార్పు సుమారు 76 కిలోమీటర్లు. లారీలోని వారికి అది కుదుపు, కారులోని వారికి ప్రాణాంతకం. కారు ఎంత చక్కగా తయారైనదైనా ఈ నిష్పత్తి మారదు. బోల్తా పడినపుడు తలను కాపాడుటకు సీట్ల వెనుక గట్టి కమాను, విడువకుండా సీటు బెల్టు తప్పనిసరి. పగలు కూడా దీపాలు వెలిగించుట, ఎరుపు, పసుపు వంటి కొట్టవచ్చినట్లు కనబడే రంగు ఎంచుకొనుట, భారీ వాహనాల ప్రక్కన ఆగకుండా ముందుకో వెనుకకో ఉండుట మంచి అలవాట్లు.

చట్టం

సాధారణ కారు కప్పును కోయించి ఓపెన్ టాపుగా మార్చుట మోటారు వాహనాల చట్టం, 1988 లోని 52వ సెక్షనుకు విరుద్ధం. తయారీదారు నమోదు చేయించిన నిర్మాణాన్ని మార్చరాదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో స్పష్టం చేసింది. అటువంటి మార్పు వలన కారు బలం పోవడమే కాక, బీమా సొమ్ము రావడం కూడా కష్టమవుతుంది.

2021లో వచ్చిన నిబంధనల ప్రకారం 50 సంవత్సరాలు దాటిన కార్లను వింటేజి వాహనాలుగా నమోదు చేసుకొనవచ్చును. అట్లు నమోదైన వాటిని ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతులకు, ఇంధనం నింపుకొనుటకు మాత్రమే రోడ్డుపైకి తేవాలి. కనుక పాత ఎం.జి. వంటి కారును ఈ పద్ధతిలో నమోదు చేయించినవారు దానిని నిత్య వాహనంగా వాడుటకు వీలు లేదు.