ఖాళీ చోటు: సభ్యుణ్ణి కోల్పోయిన రాక్ బృందాల చరిత్ర

2023 డిసెంబరు 14న రియాద్ నగరానికి ఉత్తరాన ఉన్న బన్‌బాన్‌లో, సౌండ్‌స్టార్మ్ సంగీతోత్సవ వేదికపై మెటాలికా బృందం కచేరీ చేసింది. మరుసటి డిసెంబరులో అదే ఉత్సవానికి లింకిన్ పార్క్ వచ్చింది. 2017కు ముందు రెండు దశాబ్దాలకు పైగా ఈ రాజధానిలో బహిరంగ కచేరీ అన్న మాటే వినపడలేదు. కాబట్టి ఈ రెండింటినీ సౌదీ అరేబియాలో వస్తున్న మార్పుకు గుర్తులుగానే చాలామంది చూశారు. వాటిని కలిపే సంగతి మరొకటి ఉంది. రెండు బృందాలూ తమకు ఆయువుపట్టు వంటి సభ్యుణ్ణి మృత్యువుకు కోల్పోయినవే. ఆ తరువాత అవి నడిచిన దారులు మాత్రం వేరు. ఆ తేడాను పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

రాక్ బృందంలో ఒకరు పోతే వచ్చే లోటు, పెద్ద వాద్యబృందంలో వయొలిన్ విద్వాంసుడు పోతే వచ్చే లోటు వంటిది కాదు. అక్కడ స్వరలిపి కాగితం మీద ఉంటుంది. దాన్ని చదవగలవారు మరొకరు దొరుకుతారు. రాక్ పాట సాధారణంగా నలుగురైదుగురు కలిసి వాయిస్తూ ఉండగా పుడుతుంది. ఒకరి గొంతులోని జీర, మరొకరి చేతివాటం కూడా ఆ రచనలో భాగాలే. మనిషి పోతే రచనలో కొంత భాగం పోయినట్టే.

ఈ లోటును ఎదుర్కొన్న తీరులను పోల్చి చూడటానికి 1980వ సంవత్సరం చక్కగా ఉపయోగపడుతుంది. ఫిబ్రవరిలో ఏసీ/డీసీ గాయకుడు బాన్ స్కాట్, మే నెలలో జాయ్ డివిజన్ గాయకుడు ఇయాన్ కర్టిస్, సెప్టెంబరులో లెడ్ జెప్లిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ మరణించారు. ఏసీ/డీసీ కొన్ని వారాల్లోనే బ్రయాన్ జాన్సన్‌ను తీసుకొని, జులైలో నల్లని అట్టతో ‘బ్యాక్ ఇన్ బ్లాక్’ ఆల్బమ్‌ను విడుదల చేసింది. జాయ్ డివిజన్‌లో మిగిలినవారు పాత పేరును వదిలి న్యూ ఆర్డర్ అయ్యారు. గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్ గాయకుడయ్యాడు, క్రమంగా వారి సంగీతం నృత్యసంగీతం వైపు మళ్ళింది. లెడ్ జెప్లిన్ ఆ డిసెంబరులో ఇక కొనసాగలేమని ప్రకటించింది. ఒకరిది భర్తీ, ఒకరిది పునర్జన్మ, ఒకరిది విరమణ.

మన దేశంలో దీనికి దగ్గరగా కనిపించేది శంకర్-జైకిషన్ జంట. హైదరాబాద్‌లో పెరిగిన శంకర్, 1971లో జైకిషన్ మరణించాక కూడా 1987లో తాను పోయేదాకా ఆ జంటపేరుతోనే సినిమాలకు సంగీతం ఇచ్చాడు. న్యూ ఆర్డర్ పేరు మార్చి మనుషులను నిలుపుకొంది. శంకర్ మనిషి లేకపోయినా పేరు నిలిపాడు.

మెటాలికా ఎంచుకొన్నది భర్తీ మార్గం. 1986 సెప్టెంబరు 27న స్వీడన్‌లో బృందం ప్రయాణిస్తున్న బస్సు బోల్తాపడి, బాస్ గిటార్ వాయించే క్లిఫ్ బర్టన్ మరణించాడు. అతనికి 24 ఏళ్ళు. శాస్త్రీయ సంగీతం చదువుకొన్నవాడు. బృందానికి స్వరమేళనంలో మెలకువలు తెలిపినవాడు. అక్టోబరు ముగిసేలోగానే జేసన్ న్యూస్టెడ్‌ను అతని స్థానంలోకి తీసుకొన్నారు. ఆ తరువాత జరిగినదే గమనించదగ్గది. కొత్తవాణ్ణి ఎగతాళి చేశారు, ఆటపట్టించారు, ఏళ్ళ తరబడి కొత్తవాడిగానే ఉంచారు. 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ ఆల్బమ్‌లో అతని బాస్ దాదాపు వినపడదు. శబ్దమిశ్రమంలో దాన్ని ఎందుకు అణచారన్న దానిపై వివరణలు అనేకం ఉన్నాయి. చెవికి తెలిసేది మాత్రం ఒక్కటే: అక్కడ ఒక చోటు ఖాళీగా ఉంది.

న్యూస్టెడ్ 14 ఏళ్ళు పనిచేసి 2001 జనవరిలో వెళ్ళిపోయాడు. అప్పుడు మిగిలినవారు ఒక మానసిక సలహాదారుణ్ణి పిలిపించుకొని ఒకరితో ఒకరు మాట్లాడటం మొదలుపెట్టారు. 2004లో వచ్చిన ‘సమ్ కైండ్ ఆఫ్ మాన్‌స్టర్’ డాక్యుమెంటరీలో అదంతా చూడవచ్చు. 2003లో చేరిన రాబర్ట్ ట్రుహియోకు న్యూస్టెడ్‌కు దక్కని ఆదరణ దక్కింది. బర్టన్ ముద్ర బలంగా ఉన్న ‘ఒరాయన్’ అనే వాద్యరచన అతని అంత్యక్రియల్లో వినిపించారు. దాన్ని వేదికపై పూర్తిగా వాయించింది 2006లోనే, ఇరవై ఏళ్ళ తరువాత.

లింకిన్ పార్క్ తొందరపడలేదు. చెస్టర్ బెనింగ్టన్ 2017 జులై 20న ఆత్మహత్య చేసుకొన్నాడు. ఆ అక్టోబరులో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన సంస్మరణ కచేరీలో, ఒక పాటకు అతని మైకును దీపకాంతిలో ఒంటరిగా నిలిపి, గాత్రాన్ని ప్రేక్షకులకే వదిలేశారు. ఖాళీని దాచకుండా అందరికీ చూపించారు. ఆపై ఏడేళ్ళ విరామం. 2024 సెప్టెంబరులో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే గాయనితో తిరిగివచ్చారు. ఈ ఎంపికపై విమర్శలు తక్కువేమీ రాలేదు. అయినా స్త్రీ కంఠాన్ని ఎంచుకోవడంలో ఒక వివేకం ఉంది: పోయినవాడికి నకలు వెతకడం లేదని మొదటి స్వరంతోనే తెలిసిపోతుంది.

మెటాలికా చరిత్ర నన్ను ఇబ్బంది పెట్టడానికి సొంత కారణం ఉంది. నేను మత్తువైద్యుణ్ణి. ఆపరేషన్ థియేటర్‌లో పనిచేసేది కూడా ఒక చిన్న బృందమే. గల్ఫ్‌లో ఉన్నవారికి ‘ఫైనల్ ఎగ్జిట్’ అన్న మాట బరువు తెలుసు. చాలా ఏళ్ళు మాతో పనిచేసిన ఒక సీనియర్ నర్సు అలా స్వదేశానికి వెళ్ళిపోయింది. నేను చెయ్యి చాపేలోపే కావలసిన పరికరం అందించే మనిషి. ఆమె స్థానంలో వచ్చిన అమ్మాయితో మేమంతా నెలల తరబడి “ఆవిడైతే ఇలా చేసేది కాదు” అంటూనే గడిపాము. ఆ అమ్మాయి పనిలో లోపం లేదు. ఏడాది తిరగకుండానే వేరే చోటికి వెళ్ళిపోయింది. వెళ్ళినావిడ కోసం మేము ఒక్కసారైనా కూర్చొని బెంగపడలేదు. ఆ బెంగనంతా వచ్చినామె మీద చూపించామని చాలా ఆలస్యంగా అర్థమైంది.

ఈ బృందాల చరిత్రలో నాకు కనిపించిన తేడా ప్రతిభలో లేదు, కాలవ్యవధిలో కూడా లేదు. ఏసీ/డీసీ వారాల్లోనే తేరుకొంది. మెటాలికాకు పదిహేనేళ్ళు పట్టింది. కానీ ఏసీ/డీసీ తన దుఃఖాన్ని ఆల్బమ్ అట్ట మీదే నలుపు రంగులో చెప్పుకొంది. మెటాలికా దాన్ని చెప్పుకోలేక కొత్తవాడి మీద మోపింది. పోయినవారి చోటు ఖాళీగా ఉందని ముందుగా ఒప్పుకొన్న బృందంలోనే, వచ్చినవారికి కూర్చోవడానికి మరో చోటు దొరుకుతుంది.