ఒక్కసారే రాయనిచ్చే పరీక్ష

మా పాపకి ఈ జూన్‌తో ఐదేళ్లు నిండాయి. నాలుగేళ్లప్పుడే సిటీ బస్సుల బోర్డులు చదవడం మొదలుపెట్టింది, ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. బడిలో టీచరు మమ్మల్ని పిలిచి, "ఒకసారి గిఫ్టెడ్ టెస్ట్ చేయించండి సార్" అన్నారు. మా ఆవిడ ఆ సాయంత్రానికే ఒక కౌన్సెలర్ నంబరు సంపాదించింది. నేను మాత్రం మూడు వారాలుగా రేపు, ఎల్లుండి అంటూ దాటేస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే ముందు పారిస్ వెళ్లాలి, తర్వాత దుమ్ముగూడెం.

1904లో ఫ్రెంచి ప్రభుత్వం ఒక సంఘం వేసింది. చదువు నిర్బంధం చేశాక అన్ని రకాల పిల్లలూ బడికొచ్చారు. మామూలు పాఠం అందుకోలేనివాళ్లని ఎలా గుర్తుపట్టాలి అన్నది ప్రశ్న. ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సిమోన్ కలిసి 1905లో ముప్ఫై చిన్న చిన్న పనులతో ఒక పరీక్ష తయారుచేశారు. వెలిగించిన అగ్గిపుల్ల వెంట చూపు కదులుతోందా అన్న దగ్గర మొదలై క్రమంగా కష్టమవుతుంది. ఎవరికి సాయం కావాలో తెలిస్తే చాలు బినేకి. తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుంది, ఇక పెరగదు అనేవాళ్ల మీద 1909లో రాసిన పుస్తకంలో గట్టిగానే విరుచుకుపడ్డాడు. 1911లో చనిపోయాడు. మరుసటి ఏడాది విలియం స్టెర్న్ మానసిక వయసుని అసలు వయసుతో భాగించమన్నాడు. 1916లో స్టాన్‌ఫర్డ్‌లో లూయిస్ టెర్మన్ దాన్ని వందతో హెచ్చవేశాడు. అదే ఐక్యూ. సాయం చేయడానికి పుట్టిన పరీక్ష పదకొండేళ్లలో జల్లెడ అయింది.

టెర్మన్ అక్కడితో ఆగలేదు. 1921లో కాలిఫోర్నియాలో మేధావి పిల్లల వేట మొదలుపెట్టి, పదిహేను వందల మందికి పైగా ఏరి, జీవితాంతం వాళ్లని గమనించాడు. ఆ జల్లెడలోంచి జారిపోయినవాళ్లలో ఇద్దరు విలియం షాక్లీ, లూయిస్ అల్వరెజ్. ఇద్దరికీ తర్వాత ఫిజిక్స్‌లో నోబెల్ వచ్చింది, 1956లో ఒకరికి, 1968లో ఇంకొకరికి. ఎంపికైనవాళ్లలో ఒక్కరికీ రాలేదు. షాక్లీ ట్రాన్సిస్టర్ కనిపెట్టిన ముగ్గురిలో ఒకడు, అంటే నా జీతానికి ముత్తాత లాంటివాడు. తమాషా ఏంటంటే, ఆ పరీక్షలో తప్పిన మనిషే ముసలితనంలో ఐక్యూ లెక్కలు పట్టుకుని ఏ జాతి గొప్పదో, ఎవరు పిల్లల్ని కనాలో చెప్పడం మొదలుపెట్టాడు. జల్లెడ తనని వదిలేసినా ఆయన జల్లెడని వదల్లేదు.

మన దగ్గరికి ఇది తొందరగానే వచ్చింది. లాహోర్ కాలేజీలో పనిచేసిన హెర్బర్ట్ రైస్ 1929లో హిందుస్తానీ బినే పరీక్ష అచ్చువేశాడు. వి.వి. కామత్ మరాఠీ, కన్నడ పిల్లల కోసం బినేని తిరగరాశారు. మాలిన్ 1969లో వెక్స్లర్ పరీక్షని భారతీయ పిల్లలకి సరిచేశాడు గానీ అది ఆరేళ్లు దాటినవాళ్లకి. కాబట్టి ఐదేళ్ల మా పాపకి కౌన్సెలర్ చెప్పింది బినే-కామత్. నేను చిన్న లెక్క వేసుకున్నాను. గత శతాబ్దంలో చాలా దేశాల్లో ఐక్యూ మార్కులు పదేళ్లకి సుమారు మూడు పాయింట్ల చొప్పున పెరిగాయి. పాత తరం పిల్లలతో పోల్చి కొలిస్తే ఈనాటి పిల్లలు అందరూ కొంచెం మేధావులే. దానికితోడు ఐదేళ్లప్పుడు వచ్చిన అంకె పదేళ్లకి అంతే ఉంటుందన్న నమ్మకం తక్కువ.

అసలు ఆ అంకెతో ఏం చేస్తాం? సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి జాతీయ సంస్థ ఉంది. ఎదుగుదల నెమ్మదిగా ఉన్న పిల్లల్ని తీసుకుని తల్లిదండ్రులు అక్కడికి ఎక్కడెక్కడి నుంచో వస్తారు. అక్కడ ఐక్యూ అంకెకి పని ఉంది. సర్టిఫికెట్, పింఛను, ప్రత్యేక శిక్షణ దానితో ముడిపడి ఉంటాయి. బినే అడిగిందీ అదే. పై చివర అంకెకి మాత్రం మన దగ్గర ఏ తలుపూ తెరుచుకోదు, వాట్సాప్ స్టేటస్ తప్ప.

ఇప్పుడు దుమ్ముగూడెం. 1986 విద్యా విధానం ఊళ్లలోని చురుకైన పిల్లల కోసం నవోదయలు పెట్టమంది. ఉమ్మడి ఖమ్మం జిల్లాకి పాలేరులో వచ్చింది. ఏడాదికి 80 సీట్లు, కనీసం 75 శాతం పల్లె పిల్లలకి. ఐదో తరగతిలో పరీక్ష. వంద మార్కుల్లో సగం బొమ్మలకి: వేరుగా ఉన్నది ఏది, తర్వాత వచ్చేది ఏది, అద్దంలో ఎలా కనబడుతుంది. జాన్ రావెన్ 1938లో తెచ్చిన మాట్రిసెస్‌కి చుట్టాలే ఇవి. మేధావుల పరీక్ష అని ఎవరూ అనలేదు గానీ గోదావరి ఒడ్డున నేను రాసింది అదే. ఒక్కసారే రాయనిస్తారు, తప్పితే మళ్లీ లేదు.

మా నాన్న అక్కడ టీచరు. పాత పేపరు సంపాదించి నన్నూ, నా పక్క బెంచీ మిత్రుణ్నీ రోజూ సాయంత్రం కూర్చోబెట్టేవారు. బొమ్మల భాగం వాడు నాకంటే ముందే ముగించి పెన్సిల్ కింద పెట్టేవాడు. పేరా చదివి జవాబులు రాయడం దగ్గర ఆగిపోయేవాడు. వాడింట్లో కోయ, బడిలో పుస్తకం తెలుగు. కోయతో సహా ఎనిమిది గిరిజన భాషల్లో బడి మొదలుపెట్టే పథకం 2004లో వచ్చింది, అప్పటికి మేం పదో తరగతి దాటేశాం. సీటు నాకు వచ్చింది. వాడికి రాలేదు. నాన్న వాళ్లింటికి వెళ్లి ఈ మాట చెప్పొచ్చి ఆ రాత్రి అన్నం తినకుండా పడుకున్నారు.

ఇదంతా మా ఆవిడకి చెప్పాను. పూర్తిగా విని, "సీటొచ్చినవాడివి కాబట్టి పరీక్షలొద్దంటున్నావు" అంది. నా దగ్గర జవాబు లేదు. నవోదయ లేకపోతే నేను ఈ వ్యాసం రాసే చోట ఉండను, నిజమే. "మరి దానికి క్లాసులో బోరు కొడుతోందని టీచరు చెప్పింది, అదీ అబద్ధమా?" అంది. అబద్ధం కాదు. అయితే దానికి కావాల్సింది ఇంకో పుస్తకం, అంకె కాదు అన్నాను. టీచర్ని కలిసి ఒకటో తరగతి పుస్తకాలు అడిగి తెచ్చాం. పరీక్ష సంగతి వచ్చే ఏడాది చూద్దామనుకున్నాం. కౌన్సెలర్ నంబరు ఆవిడ ఫోన్‌లో అలాగే ఉంది.

ఆదివారం మిత్రుడికి ఫోన్ చేశాను. భద్రాచలంలో ఇళ్లకి వైరింగ్ చేస్తాడు. విషయం చెప్తే నవ్వాడు. "ఐదేళ్లకే ఏం పరీక్షరా!" అన్నాడు. కాసేపాగి, "ఆ అద్దం బొమ్మలు గుర్తున్నాయా? ఇప్పటికీ స్విచ్ బోర్డు వెనక నుంచి బిగించేటప్పుడు అట్లే తిరగేసుకుంటా" అన్నాడు. దసరాకి పాపని తీసుకుని రమ్మన్నాడు.