ముదిరిన నాలుక వంగునా?

నిజాము సికిందర్ జా పేర 1806లో సికిందరాబాదని పేరొందిన దండును ఇచ్చటి జనులు చిరకాలము లష్కరనియే పిలిచిరి. ఆ దండులోని దొరలు మున్షీల యొద్ద హిందూస్తానీ నేర్చెడివారు. ఎన్నాళ్లు నేర్చినను పెక్కుమంది నోట పప్పునకు పేరైన 'దాల్', కొమ్మకు పేరైన 'డాల్' ఒక్కటే అయ్యెడివి. మొక్కై వంగనిది మానై వంగునా యని మనవారందురు. ఈ సామెతను నేను సగమే అంగీకరింతును.

లోపము నాలుకది మాత్రమే కాదు, చెవిది. 1984లో కెనడాలో వెర్కరు, టీసు అను శాస్త్రజ్ఞులు ఆంగ్లము మాటలాడు ఇండ్ల శిశువులకు హిందీలోని త, ట ధ్వనులను వినిపించి చూచిరి. ఆఱు మొదలు ఎనిమిది నెలల బిడ్డలలో పెక్కుమంది భేదమును గుర్తించిరి. ఏఁడాది నిండవచ్చిన వారిలో గుర్తించిన వారు మిక్కిలి అరుదు. తన యింట పనికిరాని భేదమును చెవి అంత పసితనముననే విడిచిపెట్టుచున్నది! ఇఁక దొరగారి నాలుక పండ్లను తాకక, వాని వెనుకటి చిగుళ్లను తాకిన నేమి వింత?

అయినను దారి పూర్తిగా మూసికొనిపోలేదు. ఆంగ్లములోని ర, ల ధ్వనుల భేదము సరిగా వినలేని జపానీయులకు ఆ మాటలను పలువురి కంఠములతో పదేపదే వినిపించి, తప్పొప్పులను వెంటనే తెలుపఁగా వినికిడి మెఱుగుపడినట్లు 1991లో వెల్లడియైనది. వినుటలో మాత్రమే శిక్షణము పొందిన అట్టివారికి ఉచ్చారణము గూడ బాగుపడినదని 1997లో తేలినది.

ఈ పరిశోధనలు పుట్టకమునుపే గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు చెవినే నమ్ముకొనిరి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి, ఇంచుమించు ముప్పది యేండ్ల ప్రాయమున, తెలుఁగు తెలిసిన సవర నొకనిని ఇంటనుంచుకొని ఆ భాష నేర్చిరి. (వాడుకభాషకై పోరాడిన ఆయన కథను నేను గ్రాంథికమున చెప్పుచున్నందులకు పెద్దలు నవ్వుకొందురుగాక.) సవరలో గొంతున గాలిని క్షణము బిగబట్టి విడుచు ధ్వని యొకటి కలదు. మన అక్షరమాలలో దానికి గుర్తు లేదు. గుర్తు లేనిదానిని మన చెవి ధ్వనిగానే లెక్కింపదు. అట్టిదానిని నోట విని, తిరిగి పలికి, దిద్దించుకొనుటయే ఉపాయము. 1931లో వెలువడిన ఆయన సవర వ్యాకరణపు పేరులో ఆ జాతి నామము, వారు పలుకునట్లే, 'సోరా' అని రోమను లిపిలో, దీర్ఘముల ప్రక్కన రెండేసి చుక్కలతో అచ్చుపడినది. మనము మాత్రము నేఁటికిని సవర లనియే అందుము.